ఏ వేలికి?

కిక్కిరిసిన బస్సులో టిక్కెట్టు కొననివాడు ఎవడో వాడి వీపు చూసి చెప్పేస్తుందని డిపోలో ఆమెకు పేరు. డేగ అని ఇంకో పేరు కూడా ఉంది గానీ అది ఆమె ఎదుట ఎవరూ అనరు. టిక్కెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో తలపండిపోయేసరికి ఆ చూపు ఇంటిదాకా వచ్చేసింది. పాలు పోసేవాణ్ణి, కూరగాయలు తూచేవాణ్ణి, ఆఖరికి "నాకేం ఆకలిగా లేదే" అన్న కన్నతల్లిని కూడా ఒక్క క్షణం ఎగాదిగా చూశాకే నమ్ముతుంది. అలాంటి మనిషి ఆస్పత్రిలో అడుగు పెడితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? తెల్లకోటు వేసుకున్న ప్రతివాడూ ఆమె కంటికి టిక్కెట్టు లేకుండా ఎక్కినవాడే.

ఆ రోజు డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చేసరికి తండ్రిని ఐసీయూలోంచి పై అంతస్తు వార్డుకు మార్చి ఉన్నారు. నిమ్ము చేసి ఊపిరందక పడిపోయిన మనిషి గండం గడిచి కిటికీ పక్క మంచం మీదికి వచ్చాడు. ఇంకెవరైనా అయితే ముందు సంతోషపడేవారు. ఇన్‌స్పెక్టరమ్మ ముందు మంచం కింద చూసింది, తరువాత సెలైన్ సీసా మీది తేదీ చూసింది, ఆ తరువాత తండ్రి మొహం చూసింది. ముక్కులో సన్నటి ఆక్సిజన్ గొట్టాలు. ముక్కు దూలం మీద ఎర్రటి పుండు. రెండు మణికట్ల మీదా కమిలిన చారలు.

మణికట్ల సంగతి ఆమెకు తెలుసు. ఐసీయూలో మాస్కు పీకేసుకుంటున్నాడని చేతులు మంచానికి కట్టారు. పుండు సంగతే కొత్త.

"ఇదేంటి సిస్టర్? మా నాన్న మొహం మీద ఏం పడేశారు?" అంది, అటుగా వెళుతున్న పొడుగాటి నర్సును ఆపి.

"ఇక్కడికి తెచ్చేటప్పటికే ఉంది మేడం. మేమేం చేయలేదు."

"బస్సులో కూడా అందరూ అదే మాటంటారు."

నర్సు మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న తల్లి కూతురి చెయ్యి పట్టుకుని లాగింది. "ఊరుకోవే. రేపొద్దున వాళ్ళ చేతుల్లోనేగా ఉండాల్సింది."

అంతలో కళ్ళద్దాల డాక్టరు వచ్చాడు. మనిషి మంచివాడే గానీ కాలు ఒక మంచం దగ్గర, మనసు పక్క మంచం దగ్గర. తండ్రి కుడి చూపుడు వేలికి పట్టిన క్లిప్పును, దాని వైరు వెళ్ళి కలిసిన చిన్న తెరను చూపించాడు. పై అంకె ఒంట్లో ప్రాణవాయువు, కింది అంకె గుండె వేగం. ఈ అంకెలన్నీ అదే పనిగా నర్సుల బల్ల మీదున్న పెద్ద తెరకు వెళుతుంటాయి. "ఇదివరకులా గంట గంటకీ వచ్చి లేపక్కర్లేదు. మిషనే కాపలా కాస్తుంది," అన్నాడు గర్వంగా. "ఇప్పుడు తొంభై మూడు ఉంది. తొంభై పైన ఉన్నంతకాలం ఇక్కడే. అంతకన్నా దిగితే మాత్రం ఆలస్యం చేయం. మళ్ళీ లోపలికే."

"లోపలికంటే... అక్కడికేనా బాబూ?" అని తల్లి అడిగేసరికి ఆయన అప్పటికే పక్క మంచం దగ్గరున్నాడు.

తండ్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు. వేలు మాత్రం దుప్పటి మీద కదులుతోంది. బతుకంతా దుకాణాలకు బోర్డులు రాసిన పెయింటరు ఆయన. కుంచె లేకపోయినా, తినే బల్ల మీదా, తొడ మీదా, పడుకుంటే పరుపు మీదా అక్షరాలు దిద్దుతూనే ఉంటాడు. క్లిప్పు బరువుకి అక్షరం వంకరపోతోందో ఏమో, మళ్ళీ మళ్ళీ ఒకే చోట దిద్దుతున్నాడు. ఆ కదలికకు తెర కూనిరాగం తీసింది. నర్సు దూరం నుంచే కేకేసింది. "తాతగారూ, ఆ చెయ్యి కదపకండి! అంకె రాదు."

వేలు ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి పై అంకె తొంభై ఎనిమిది.

తల్లి స్టూలును మంచానికి ఆనించుకుని, దుప్పటి కిందుగా తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుంది. వైరు ఆ దుప్పటిలోకే పోయింది. పొడుగు నర్సు మందులబండి తోసుకుంటూ వచ్చి ఆ జంటను చూసి నవ్వింది. "పొద్దుట్నుంచీ చూస్తున్నాను మేడం, చెయ్యి వదలడం లేదు మీ అమ్మగారు. మావారు నాకు జ్వరమొస్తే ఆ గదిలోకే రారు." తల్లి తల దించుకుంది. సిగ్గుపడిందనుకుంది కూతురు.

అంకె పెరిగితే ఆనందమేగా! ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం తెర వదిలి తండ్రిని ఎగాదిగా చూసింది. నిన్న రెండు ముద్దలు తిని, మజ్జిగలో ఉప్పు లేదని గొణిగిన మనిషి ఇవాళ చెంచా వంక చూడడం లేదు. పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. గొంతు కింద గుంట ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి పోతోంది.

"ఎలా ఉంది నాన్నా?"

ఆయన ముందు భార్య మొహం చూశాడు. తరువాత, "బాగుంది," అన్నాడు.

పక్కవాడి మొహం చూసి జవాబు చెప్పే ప్రయాణికుణ్ణి ఆమె ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నమ్మలేదు. కానీ ఈయన నాన్న. కాబట్టి ఆ అనుమానాన్ని నాన్న మీద కాకుండా ఇంకెవరి మీద పెట్టాలా అని చుట్టూ చూసింది. పెట్టడానికి ఆస్పత్రిలో జాగాకు కొదవేముంది?

నర్సుల బల్ల దగ్గరకెళ్ళి నిలబడింది. పెద్ద తెర మీద మంచానికో గడి. పొడుగు నర్సు కన్ను తెర మీద, చెవి ఫోను మీద. తల్లి వేడినీళ్ళ కోసమని ఫ్లాస్కు పట్టుకుని కిందికి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే తండ్రి గడిలో అంకెలు మాయమై గంట మోగింది. నర్సు తల తిప్పకుండానే మీట నొక్కి దాని నోరు మూసింది.

"అదేంటి, వెళ్ళి చూడరా?"

"క్లిప్పు ఊడింది మేడం. మీ అమ్మగారు వచ్చి పెడతారు లెండి. రోజుకు ఎన్నిసార్లు ఊడుతుందో! ప్రతిసారీ పరిగెడితే నా కాళ్ళు ఊడతాయి."

ఇన్‌స్పెక్టరమ్మ పళ్ళు కొరికింది. కాసేపటికి తల్లి మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు ఆగిపోయిందట. రొప్పుతూ, గోడ పట్టుకుంటూ పోయి మంచం పక్కన కూలబడింది. తెర మీద తండ్రి గడి మళ్ళీ వెలిగింది. పైన తొంభై ఎనిమిది. కింద గుండె వేగం నూట ఇరవై. అది నెమ్మదిగా దిగుతూ దిగుతూ ఎనభైకి వచ్చి స్థిమితపడింది.

మంచం మీద నాన్న కదల్లేదు, మెదల్లేదు. పడుకున్న మనిషి గుండె పరుగు పందెం ఎక్కడ పెట్టి వచ్చింది?

దొరికింది అనుకుంది. వైర్లు తారుమారయ్యాయి. ఎవరో నడిచి తిరిగే రోగి అంకె తెచ్చి మా నాన్న పేరు కింద చూపిస్తున్నారు. ఆయనకు నిజంగా ఎంతుందో ఈ భవనంలో ఒక్కడికీ తెలియదు. ఆ మాట తోచగానే ఫిర్యాదు చేయడానికి కదిలింది. అప్పటికి పొద్దు వాలింది, ఫిర్యాదు వినే పెద్ద నర్సమ్మ ఇంటికి పోయింది. పొడుగు నర్సుతో చెబితే, "మిషన్ బాగానే ఉంది మేడం, రేపు చూపిద్దాం," అంది. ఆ 'రేపు' అనే మాటను ఇన్‌స్పెక్టరమ్మ ఉండచుట్టి మనసులో దాచుకుంది.

పొద్దున్నే సెలవు పెట్టి మరీ వచ్చింది. పెద్ద నర్సమ్మ గదిలో కూర్చుని, కోర్టులో సాక్షిలా, చూసింది చూసినట్టు చెప్పింది. క్లిప్పు ఊడినా పట్టించుకోకపోవడం, గంట నోరు నొక్కడం, పడుకున్నవాడి గుండె పరిగెత్తడం. కొంచెం ఉప్పూకారం కూడా చల్లింది. ఫోను సంగతి చెప్పేటప్పుడు ఆ నర్సు సరసాలాడుతోందన్నట్టు చెప్పింది. నిజానికి ఆ పిల్ల మందుల గదికి ఫోను చేసి ఇంజెక్షన్లు ఎందుకు రాలేదని దెబ్బలాడుతోంది. ఆ సంగతి ఇన్‌స్పెక్టరమ్మ విన్నది కూడా.

మిషన్లు బాగుచేసే మెకానిక్ వచ్చాడు. మంచం దగ్గరి తెర విప్పాడు, వైరు పీకి పెట్టాడు, క్లిప్పు తన వేలికి పెట్టుకున్నాడు. తొంభై ఏడు. ఇన్‌స్పెక్టరమ్మ వేలికి పెట్టాడు. తొంభై తొమ్మిది, గుండె వేగం నూట పది. "మీకు కోపం ఎక్కువలా ఉందమ్మా," అన్నాడు. "మిషన్ శుభ్రంగా ఉంది. వైర్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కావాలంటే మీ ఎదురుగానే ఆయన వేలికి పెడతాను, చూసుకోండి."

"వద్దు బాబూ, ఇప్పుడే కన్నంటుకుంది ఆయనకి. నేను పెడతాలే," అని తల్లి క్లిప్పును అతని చేతిలోంచి దాదాపు లాక్కుంది. దుప్పటి ఎత్తి, చెయ్యి లోపల పెట్టి, సర్దింది. తొంభై ఎనిమిది.

"చూశారా?" అన్నాడు మెకానిక్.

ఆపాటికి పెద్ద నర్సమ్మ వార్డు మధ్యలో నిలబడి పొడుగు నర్సును నలుగురి ముందూ దులిపేస్తోంది. క్లిప్పు ఊడితే రోగి బంధువులు పెట్టాలా, నీకు జీతమెందుకు, నీలాంటివాళ్ళ వల్లే ఆస్పత్రికి చెడ్డపేరు. పొడుగు నర్సు మందులబండి మీది పత్తిని తీసి, మళ్ళీ అక్కడే పెట్టి, మళ్ళీ తీసింది. మిగతా మంచాల వాళ్ళు సినిమా చూసినట్టు చూశారు. ఇన్‌స్పెక్టరమ్మకు రావలసినంత తృప్తి రాలేదు. మిషన్ బాగుంది, వైర్లు బాగున్నాయి, నాన్న మాత్రం బాగాలేడు. ఏదో లెక్క తప్పింది.

"పాపం, ఆ పిల్లని అన్నేసి మాటలు అనిపించావేమే?" అంది తల్లి. "ఆ పిల్ల తప్పేం లేదు."

"నీకెలా తెలుసు?"

తల్లి దుప్పటి అంచు సర్దింది. కూతురు తల్లి వంక తిరిగింది. అడగకముందే చేతిలో టిక్కెట్టు ఊపుతూ నిలబడేవాళ్ళు ఆమెకు బాగా తెలుసు. మెకానిక్ చేతిలోంచి క్లిప్పు లాక్కున్న ఆ తొందర, సరిగ్గా అలాంటిదే. ఆమె వంగి దుప్పటి ఎత్తింది.

నాన్న చెయ్యి పరుపు మీద ఖాళీగా ఉంది. క్లిప్పు అమ్మ చూపుడు వేలికి ఉంది.

ఆమె జీవితంలో ఎంతోమందిని పట్టుకుంది. పట్టుకున్నాక ఏం మాట్లాడాలో తెలియకపోవడం అదే మొదటిసారి.

"ఎప్పట్నుంచి?" అంది చివరికి.

"నిన్న పొద్దున్నుంచి. ఎనభై తొమ్మిది చూపించిందే. నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒక్క పూట ఆగితే అదే సర్దుకుంటుందేమోనని..."

"నాన్న ప్రాణం పోతే?"

"ఆ మాట ఆయనే అన్నాడు. ఇక్కడ పోయినా ఫరవాలేదు, చేతులు కట్టేసిన చోటికి పంపకు అని ఒట్టు వేయించుకున్నాడు." తల్లి క్లిప్పున్న చేతిని గుండెకు అదుముకుంది. "పందిరికి తీగని కట్టినట్టు కట్టారటే. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి లేదట."

"నాకో మాట చెప్పొచ్చు కదమ్మా! ఆ నర్సుకి అంత భయపడ్డావా?"

"నర్సుకెందుకే భయం? ఆ పిల్లకి తెలిస్తే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకునేదాన్ని." తల్లి తల పైకెత్తకుండానే అంది. "నీకు తెలుస్తుందనే భయపడ్డాం."

"నాకా?"

తండ్రి కళ్ళు తెరిచాడు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ మాట్లాడాడు. "కట్టెయ్యండి సార్... అన్నావుగా. కర్టెను అవతల్నుంచి. నేను... మేలుకునే ఉన్నాను."

అవును, అంది. మాస్కు లాగేస్తున్నారు, కట్టక తప్పదు అని ఐసీయూ డాక్టరు అంటే, బల్లగుద్దినట్టు, "కట్టెయ్యండి సార్, ఏది అవసరమైతే అది చెయ్యండి," అంది. డిపోలో జరిమానా వసూలు చేయమని కండక్టరుకు చెప్పే గొంతుతోనే అంది. అది మంచికే అనుకుంది. ఆ కర్టెను గుడ్డదనీ, గుడ్డకు అవతల చెవులున్న మనిషి పడుకుని ఉన్నాడనీ అప్పుడు తోచలేదు. ఇన్నాళ్ళూ ఈ ఆస్పత్రిలో ఎవరి నుంచి నాన్నను కాపాడాలా అని ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తిరిగింది. నాన్న మాత్రం ఆమె నుంచి దాక్కుంటున్నాడు.

ఏడవడానికి వ్యవధి లేదు. తల్లి వేలి నుంచి క్లిప్పు తీసి తండ్రి వేలికి పెట్టింది. తెర కాసేపు తడుముకుంది. ఎనభై నాలుగు. ఇక్కడా, అక్కడ బల్ల మీదా, రెండు గంటలూ ఒక్కసారే మోగాయి.

పొడుగు నర్సు పరిగెత్తుకొచ్చింది. ఈసారి తెర వంక కాదు, రోగి పెదవుల వంక చూసింది. గొంతు కింద గుంట చూసింది. ఆక్సిజన్ పెంచి, మంచం తలవైపు ఎత్తి, డాక్టరుకు కబురు పెట్టి అప్పుడు అడిగింది. "ఇప్పటిదాకా తొంభై ఎనిమిది కదా?"

"అది మా అమ్మది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "తప్పు మాది సిస్టర్. మీ పెద్ద నర్సమ్మకి నేనే చెబుతాను, అబద్ధం కలిపిన మాటతో సహా."

నర్సు ఆక్సిజన్ గొట్టాలు సరిచేసింది. "అందరినీ ఆ తెరలోనే చూడమన్నారు. చూశాను," అంది, ఎవరితోనో తగువు పడుతున్నట్టు. మళ్ళీ తనే, "మొహం కూడా చూడాల్సింది," అని గొణిగింది.

డాక్టరు వచ్చి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, ఇంకో మాటకు తావు లేకుండా చెప్పాడు. "లోపలికి. మాస్కు పెట్టాల్సిందే. ఇంకా ఆలస్యమైతే మాస్కుతో కూడా పని జరగదు."

తల్లి మంచం కమ్మీ పట్టుకుంది. నిన్నటి ఇన్‌స్పెక్టరమ్మ అయితే ఆ చెయ్యి విడదీసి, "తీసుకెళ్ళండి సార్," అనేది.

"చేతులు కట్టడానికి వీల్లేదు," అంది ఇవాళ.

"లాగేస్తే? ప్రాణం మీదికొస్తుందమ్మా."

"పక్కన నేనుంటాను. నేను లేకపోతే మా అమ్మ ఉంటుంది."

"ఐసీయూలో బంధువులకి..."

"సార్," అని అడ్డొచ్చింది పొడుగు నర్సు. డాక్టరు ఆమెను ఆ రోజు అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "మొన్న ఆ చిన్నపాప దగ్గర వాళ్ళమ్మని ఉండనిచ్చారు కదా. లోపలి సిస్టర్‌తో నేను మాట్లాడతాను."

డాక్టరు తెర వంక చూశాడు, గడియారం వంక చూశాడు. "సరే, చూద్దాం. మాస్కు ఒంటి మీద ఉండాలి. అదొక్కటే నాకు కావాలి."

ఇంకొకరు ఒప్పుకోవాలి. ఆమె తండ్రి మొహం దగ్గరకు వంగింది. "నాన్నా, చేతులు కట్టనివ్వను. నేనైనా అమ్మైనా పక్కనే ఉంటాం. వెళదామా?"

ఆయన కూతుర్ని ఎగాదిగా చూశాడు. చీర కుచ్చిళ్ళ నుంచి కళ్ళదాకా, ఏదో టిక్కెట్టు చెల్లుతుందో లేదో చూసినట్టు. ఆ చూపు ఎవరిదో ఆమెకు తెలుసు. అవతలి వైపు నిలబడితే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది. చాలాసేపటికి ఆయన కనురెప్పలు దించాడు. "పద," అన్నాడు.

ఐసీయూలో మాస్కు పెట్టి పట్టీలు బిగించారు. మిషను బుస్సుబుస్సుమని గాలి కొడుతోంది. ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది. ఈసారి కర్టెను లోపల, మంచానికి ఇవతల ఆమె, అవతల తల్లి. లోపలి నర్సు ఇద్దరినీ నమ్మకం లేని కళ్ళతో చూసి, మంచం కమ్మీకి వేలాడుతున్న మెత్తటి గుడ్డపట్టీలను తీయకుండా అలాగే ఉంచింది.

కాసేపటికి తండ్రి కుడిచెయ్యి లేచింది. క్లిప్పు ఊడి కిందపడింది. చెయ్యి నేరుగా మాస్కు మీదికి పోయింది. ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి ఇంకా వేగంగా పోయి ఆ మణికట్టును పట్టుకుంది. కదులుతున్న బస్సులోంచి దూకబోయేవాణ్ణి పట్టుకునే పట్టు అది. బొటనవేలి కింద కమిలిన చార తగిలింది. అవతలి నుంచి తల్లి చూస్తోంది. లోపలి నర్సు పట్టీ గుడ్డ వైపు ఒక అడుగు వేసింది.

ఆమె పట్టు సడలించింది. చెయ్యి పూర్తిగా వదల్లేదు, ఊరికే కింద ఆసరాగా ఉంచింది. "ఏంటి నాన్నా? ఏం కావాలి? చూపించు."

చెయ్యి మాస్కును లాగలేదు. చూపుడు వేలు ఒక్కటీ ముందుకొచ్చి ముక్కు దూలం మీద ఆగింది. మాస్కు అంచు సరిగ్గా ఆ పుండు మీదే కూర్చుని ఉంది. వేలు అక్కడ ఒకసారి తట్టింది. మళ్ళీ తట్టింది.

"సిస్టర్, ఇక్కడ కోసుకుంటోంది," అంది ఆమె. ఆ మాట తన గొంతులా లేదు.

లోపలి నర్సు వంగి చూసింది. మాట్లాడకుండా పట్టీ కాస్త వదులు చేసి, పుండు మీద మెత్తటి జిగురుముక్క అంటించి, మాస్కు మళ్ళీ ఆనించింది. తండ్రి చెయ్యి దానంతటదే కిందికి దిగింది. మళ్ళీ లేవలేదు. ఇంతేనా, అనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. మొదటిసారి చేతులు కట్టినప్పుడు కూడా ఇదే చూపించబోయాడా? మంచం అవతల తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అదేమీ దాచుకునే ఏడుపు కాదు. నర్సు కమ్మీకి ఉన్న గుడ్డపట్టీలను విప్పి, మడిచి, సొరుగులో పడేసింది.

తరువాత కిందపడిన క్లిప్పును తుడిచి, అలవాటుగా ఆయన కుడిచెయ్యి అందుకోబోయింది.

"ఒక్క క్షణం," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నాన్నా, ఏ వేలికి పెట్టమంటావు?"

ఆయన మాస్కు వెనక నుంచి కాసేపు ఆలోచించాడు. ఎడమచెయ్యి ఎత్తి, ఉంగరపు వేలు వేరు చేసి చూపించాడు. క్లిప్పు అక్కడ పెట్టారు. తొంభై ఒకటి. కుడిచేతి చూపుడు వేలు దుప్పటి మీదికి వచ్చి, తడుముకుని, నెమ్మదిగా అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. ఏం రాస్తున్నాడో ఆమె తొంగి చూడలేదు.